ఆ నాలుగు సెకన్ల జముకు

పర్లాకిమిడి

నాయనా,

కాశీనగర్ నుంచి నువ్వు పంపిన పాట నాలుగుసార్లు విన్నాను. మొదటి మూడుసార్లు నీ మాటలు చెవికెక్కలేదు, ఆ తోలు వాద్యం, జముకే వినిపించింది. జముకుల కథ చెప్పే పెద్దాయన వాయించిన దానిలో నాలుగు సెకన్లు కత్తిరించి పాటంతా తిప్పావు. దీన్ని శాంపిలింగ్ అంటారని, అందరూ చేసేదేనని రాశావు. నిజమే. ముక్క తీసుకోవడం తప్పని నేను అనను.

కానీ జముకును దగ్గర కూర్చుని చూశావా? తోలు మధ్య నుంచి వచ్చే తంత్రిని ఒక చేత్తో లాగి పట్టుకుని, రెండో చేత్తో మీటుతారు. బిగిస్తే స్వరం పైకి లేస్తుంది, సడలిస్తే దిగుతుంది. ఎల్లమ్మ కథలో కష్టం ముదిరే చోట ఆ చెయ్యి దానంతట అదే బిగుసుకుంటుంది. నీ పాటలో మాత్రం ఊరి సంబరానికీ, అన్న సూరత్ బండి ఎక్కే చరణానికీ ఒకటే బిగి! బండి కదిలే చోట జముకు పూర్తిగా ఆపి చూడు. చరణం కూలబడితే మాటలు మళ్ళీ రాయి.

ఇంగ్లీషు పాప్ గాయని బ్రిట్నీ స్పియర్స్ పాడిన ‘టాక్సిక్’లో వినిపించే వయొలిన్లు 1981 నాటి హిందీ సినిమా ‘ఏక్ దూజే కే లియే’లోవి. లతా మంగేష్కర్, మన బాలు పాడిన పాట కోసం లక్ష్మీకాంత్-ప్యారేలాల్ కూర్చినవి. అక్కడ ప్రేమ పలికిన తీగలు ఇక్కడ విషంలా కుడతాయి. తీసుకున్నవారు వాటితో కొత్త పని చేయించారు. నీ నుంచి నేను కోరేది అదే.

ఇక రెండో సంగతి, నాకు ఎక్కువ బాధ కలిగించినది. పాట కింద నీ పేరు ఉంది, జముకు దగ్గర ‘జానపదం’ అని ఉంది. 1969లో ‘ది విన్‌స్టన్స్’ బృందం కోసం గ్రెగరీ కోల్మన్ వాయించిన ఆరేడు సెకన్ల డ్రమ్స్ వేల పాటల్లోకి చేరింది. దాని మీద రాయల్టీ అందకుండానే ఆయన 2006లో కన్నుమూశాడు.

నేనూ ఈ తప్పు చేశాను. ముప్పై ఏళ్ళ కిందట ఊడుపుల్లో ఒకావిడ పాడిన పల్లవిని నా పేరుతో అచ్చు వేయించుకున్నాను. తర్వాత ఆమెకు చదివి వినిపిస్తే, “ఆ రెండో మాట మా అమ్మ కలిపింది బాబూ” అంది. ఊరందరిదీ అనుకున్న పాటలో ఆ ఒక్క మాటకు ఒక మనిషి ఉంది. ఆమె పేరు నేను అడగనే లేదు.

కథ ఊరుమ్మడిదే కావచ్చు. దాన్ని పాడి వాయించిన మనిషికి మాత్రం చట్టంలో ప్రదర్శకుల హక్కు ఉంది. చట్టం లేకపోయినా నేను ఇదే చెప్పేవాణ్ణి.

ఈ ఆదివారం ఆయన దగ్గరకు వెళ్ళు. నీ పాట మొత్తం వినిపించు. ఒప్పుకుంటే, పేరు ఎలా రాయాలో ఆయన్నే అడుగు. డబ్బు మాట అక్కడే తేల్చుకో. ఈసారి నాలుగు సెకన్లు కాదు, కథ మొదలు నుంచి చివరిదాకా రికార్డు చెయ్యి. నన్నూ తీసుకెళ్ళు. ఎల్లమ్మ కథ పూర్తిగా విని చాలా ఏళ్ళయింది.