ఇంటి చదువుకు అసలు ఫీజు అమ్మ జీతమే

ప్రశ్న: మాది హైదరాబాద్. మావారికి నెలకు చేతికి 1,15,000 రూపాయలు, నాకు 48,000 వస్తాయి. అబ్బాయికి 15 ఏళ్లు, తొమ్మిదో తరగతి పూర్తయింది. అమ్మాయికి 13, ఏడో తరగతి అయింది. ఏటా అబ్బాయి బడికి 1.9 లక్షలు, అమ్మాయి బడికి 1.5 లక్షలు కడుతున్నాం. మార్కుల ఒత్తిడికి అబ్బాయి బాగా నలిగిపోయాడు. గిటారు, ఎలక్ట్రానిక్స్ అంటే వాడికి ప్రాణం. వాటికి తీరికే దొరకడం లేదు. ఇద్దరినీ బడి మాన్పించి ఇంట్లో చదివించాలని, అందుకోసం నేను ఉద్యోగం మానేయాలని అనుకుంటున్నాం. కోర్సులు, కిట్లు, కేంబ్రిడ్జ్ పరీక్షల ఫీజులు అన్నీ కలిపి ఏటా 2.8 లక్షలు అవుతాయని అంచనా. అందులో రోబోటిక్స్ కిట్‌కు 35,000. 96,000 రూపాయల కోడింగ్ కోర్సును వాయిదాల్లో ఇస్తామంటున్నారు. ఇంటి రుణం వాయిదా 38,000. నా ప్రయాణం 4,000తో కలిపి ఇంటి ఖర్చు 62,000. మ్యూచువల్ ఫండ్ సిప్‌లో నెలకు 15,000, అమ్మాయి సుకన్య ఖాతాలో 5,000 వేస్తున్నాం. 8 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. బడి ఫీజులు మిగులుతాయి కాబట్టి సరిపోతుందా?

జవాబు: సరిపోదండి. కానీ మీ అబ్బాయి విషయంలో మీరు అనుకున్నది తప్పని నేను అనడం లేదు. పిల్లవాడు నలిగిపోతున్నాడని గమనించి, మరో దారి వెతికే తల్లిదండ్రులంటే నాకు గౌరవం. ఆ దారిలో రెండో ఏడాదికే డబ్బుకు కటకటపడి వెనక్కి తిరగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

బడి ఫీజుల్లో మిగిలేది ఏడాదికి 3.4 లక్షలు. మీ జీతం పోతే తగ్గేది 5.76 లక్షలు. ప్రయాణం ఖర్చు తప్పినా, ఒక్క పుస్తకం కూడా కొనకముందే మీకు ఏటా 1.88 లక్షల లోటు. నెలవారీగా చూస్తే, మీవారి జీతంలో ఇంటి వాయిదా, ఇంటి ఖర్చు పోను మిగిలేది 19,000. మీ జాబితా ప్రకారం చదువుకు నెలకు 23,300 దాకా కావాలి. అంటే సిప్, సుకన్య రెండూ ఆపేసినా ప్రతి నెలా 4,300 రూపాయలు డిపాజిట్ నుంచి తీయాలి. ఇంటి చదువు అనగానే అందరూ పుస్తకాల ఖర్చు, కోర్సుల ఖర్చు లెక్క వేస్తారు. అసలు పెద్ద ఖర్చు తల్లి వదులుకునే జీతం. దానిని ఎవరూ కాగితం మీద పెట్టరు.

మరి ఉద్యోగం పూర్తిగా మానాల్సిన అవసరం ఉందా? ఆరేళ్ల పిల్లలైతే పక్కన కూర్చుని దిద్దించాలి. పదిహేనేళ్ల కుర్రవాడికి రోజంతా తల్లి ఎదురుగా ఉండనక్కరలేదు. నిజం చెప్పాలంటే ఆ వయసు వాడికి అది ఇష్టం కూడా ఉండదు. ఉదయం ఏం చదవాలో మాట్లాడుకోవడానికి ఒక గంట, సాయంత్రం చూసుకోవడానికి ఒక గంట చాలు. కాబట్టి రాజీనామా ఇవ్వకండి. సగం పనికి సగం జీతం ఇస్తారేమో మీ సంస్థలో అడగండి. ఒప్పుకోకపోతే ఆరు నెలలు జీతం లేని సెలవైనా అడగండి.

ఇక అమ్మాయిని ఇప్పుడే మాన్పించకండి. నిర్బంధ విద్య చట్టం 6 నుంచి 14 ఏళ్ల వయసుకు వర్తిస్తుంది. బడికి వెళ్లకుండా చదివి పరీక్షలు రాసే వీలున్న జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్‌ఐఓఎస్)లో పదో తరగతికి చేరాలన్నా కనీసం 14 ఏళ్లు నిండాలి. పైగా బడి వల్ల ఇబ్బంది పడుతున్నది అబ్బాయే. అమ్మాయికి బడి కష్టంగా ఉందని మీరెక్కడా రాయలేదు. అన్న కోసం తీసుకున్న నిర్ణయంలో చెల్లెలు తన స్నేహితులను పోగొట్టుకోవడం న్యాయం కాదని నా అభిప్రాయం.

అబ్బాయి ఒక్కడితో, మీ సగం జీతంతో లెక్క వేసి చూడండి. రెండు జీతాలు కలిపి 1,39,000. ఇంటి వాయిదా 38,000, మీ ప్రయాణం సగమైతే ఇంటి ఖర్చు 60,000, అమ్మాయి బడికి నెలకు 12,500, అబ్బాయి చదువుకు 6,000 తీసేస్తే 22,500 మిగులుతుంది. సిప్ ఆగదు, సుకన్య ఆగదు.

నెలకు 6,000తో ఏం వస్తుందని అనుకోకండి, చాలా వస్తుంది. 1989లో ఏర్పాటైన ఆ సార్వత్రిక విద్యా సంస్థలో పదో తరగతి మొత్తానికి అయ్యే రుసుము కొన్ని వేలే. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు ఉంటాయి. ఒకసారి చేరితే ఐదేళ్ల గడువు. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి రాయాలన్న నిబంధన లేదు. ఒత్తిడితో నలిగిన పిల్లవాడికి అంతకంటే ఏం కావాలి? చిత్రలేఖనం, కర్ణాటక సంగీతం కూడా అక్కడ సబ్జెక్టులే. పది పూర్తయ్యాక మామూలు ఇంటర్ కళాశాలలోనూ చేరవచ్చు. అక్కడే ఇంటర్ స్థాయి చదివితే కనీసం ఐదు సబ్జెక్టులతో పూర్తిచేయాలి, అప్పుడు జేఈఈ మెయిన్ రాయడానికీ అర్హత ఉంటుంది. కేంబ్రిడ్జ్ పరీక్షల ఫీజు ఒక్కో సబ్జెక్టుకే వేలల్లో ఉంటుంది. విదేశీ చదువు గురించి మీరు ఒక్క మాటా రాయలేదు కాబట్టి ఆ పద్దు కొట్టేయండి.

రోబోటిక్స్ కిట్‌కు 35,000 అని రాశారు. దానికి బదులు అబ్బాయిని తీసుకుని కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లండి. ఆర్డునో బోర్డు (ప్రోగ్రాం రాసి నడిపించే చిన్న సర్క్యూట్ బోర్డు), కొన్ని సెన్సర్లు, తీగలు, సోల్డరింగ్ ఐరన్ కలిపినా రెండు మూడు వేలతో తిరిగి రావచ్చు. ఏ భాగం ఏమిటో దుకాణదారుణ్ని అడిగి తెలుసుకోవడమే వాడికి మొదటి పాఠం. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు దొరుకుతాయి. అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది. ఆన్‌లైన్‌లో కేంద్ర ప్రభుత్వ స్వయం వేదికలో, ఐఐటీల ఎన్‌పీటెల్‌లో పాఠాలు ఉచితం. పరీక్ష రాసి ధ్రువపత్రం కావాలనుకుంటేనే రుసుము. ఆ 6,000లో గిటారు గురువు ఫీజుకే పెద్ద వాటా ఇవ్వండి. తప్పు వేళ్లు దిద్దడానికి ఎదురుగా మనిషి ఉండాలి.

ఆ 96,000 కోర్సు మాత్రం వద్దు. వాయిదాలంటే మీరు ఆ సంస్థకు నెలనెలా కడతారని కాదు. సాధారణంగా ఒక రుణ సంస్థ మీ పేరిట అప్పిచ్చి, మొత్తం సొమ్మును కోర్సు అమ్మినవారికి ముందే చెల్లిస్తుంది. పిల్లవాడు మానేసినా అప్పు మానదు. నా దగ్గరికి వచ్చిన ఒక కుటుంబంలో అమ్మాయి రెండు నెలలకే ఆ పాఠాలు చూడటం మానేసింది. తండ్రి మిగిలిన 22 వాయిదాలూ కట్టాడు. కట్టకపోతే క్రెడిట్ స్కోరు దెబ్బతిని, ఇంటి రుణం దొరకదేమోనని ఆయన భయం. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

మీవారు పాత పన్ను విధానంలో ఉండి, పిల్లల ఫీజును పన్ను మినహాయింపు కోసం చూపిస్తున్నట్లయితే ఒక మార్పు గమనించండి. బడికి, కళాశాలకు కట్టే పూర్తికాల చదువు ట్యూషన్ ఫీజుకే ఆ మినహాయింపు ఉంది. ఇంటికి వచ్చే మాస్టారికి, ఆన్‌లైన్ కోర్సుకు ఇచ్చేది అందులోకి రాదు. ఇంటి రుణంలో అసలు చెల్లింపు, పీఎఫ్, సుకన్యతోనే 1.5 లక్షల పరిమితి నిండుతుంటే దిగులు లేదు.

మీ పీఎఫ్ సంగతీ చెప్పాలి. ఉద్యోగుల పింఛను పథకంలో నెలనెలా పింఛను రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి. అంతకుముందే మానాల్సి వస్తే పింఛను సొమ్ము తీసేసుకోకుండా స్కీం సర్టిఫికెట్ తీసుకోండి. మళ్లీ ఉద్యోగంలో చేరినప్పుడు పాత సర్వీసు కలుస్తుంది. సగం పనికి మారేటప్పుడు పీఎఫ్, ఆరోగ్య బీమా కొనసాగుతాయని రాతపూర్వకంగా అడగండి. బీమా పోయేటట్లయితే, పోకముందే కుటుంబానికి సొంత పాలసీ తీసుకోవాలి. ఇక మీ ఇల్లు ఎక్కువగా మీవారి జీతం మీదే నడుస్తుంది కాబట్టి, ఆయనకు టర్మ్ బీమా లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి.

డిపాజిట్‌లో 6 లక్షలు అత్యవసరాలకు. దానిని చదువు కోసం తాకవద్దు. 1.5 లక్షలు వేరే డిపాజిట్‌గా పెట్టండి. ఏడాది తర్వాత అబ్బాయి మళ్లీ బడికి లేదా కళాశాలకు వెళ్తానంటే ప్రవేశానికి ఆ డబ్బు కావాలి. తిరిగి వెళ్లే దారికి డబ్బు ఉంటే ఇంట్లో ఎవరూ పంతానికి పోరు. మిగిలిన 50,000తో వాడికి ఒక వాడిన కంప్యూటర్ కొనండి. గిటారు ఇప్పటికే ఉంటే కొత్తది వద్దు.

చివరిగా ఒక పని. నెలవారీ 6,000లో 1,500 అబ్బాయి చేతికే ఇవ్వండి. భాగాలు, పుస్తకాలు, తీగలు, ఏది కొనాలో వాడే నిర్ణయించుకుని ఒక నోటు పుస్తకంలో రాసుకోవాలి. మూడు నెలల తర్వాత ఆ పుస్తకం, మీ కార్యాలయం ఇచ్చిన జవాబు రెండూ ముందు పెట్టుకుని కూర్చోండి. అమ్మాయికి 14 నిండాక ఏం చేయాలన్నది అప్పుడు ఆమెనే అడగండి.