చిన్నబాబు జన్యు రిపోర్టులో ‘రిస్క్’ అని వచ్చింది, పెద్దవాడిలాగే వీడికీ టైప్ 1 మధుమేహం వస్తుందా? – సమాధానం

రిపోర్టులో ఉన్న డీఆర్3, డీఆర్4 అనేవి హెచ్‌ఎల్‌ఏ (రోగనిరోధక వ్యవస్థకు చెందిన) జన్యు రకాలు. అవి జబ్బు కాదు, అవకాశం మాత్రమే. అవి ఉన్నవారిలో ఎక్కువమందికి టైప్ 1 ఎన్నడూ రాదు. తోబుట్టువుకు ఉంటే వచ్చే అవకాశం 100లో సుమారు 6.

మీరు వదిలేసింది యాంటీబాడీల పరీక్ష. చాలామంది జన్యు రిపోర్టు దగ్గరే ఆగి దిగులు పడతారు. రోగనిరోధక వ్యవస్థ క్లోమంపై దాడి మొదలుపెట్టిందా లేదా అన్నది జన్యువులు చెప్పవు, యాంటీబాడీలే చెబుతాయి.

1. నాలుగు యాంటీబాడీల పరీక్షలూ అడగండి: ఇన్సులిన్, జీఏడీ, ఐఏ-2, జింక్ ట్రాన్స్‌పోర్టర్ 8. జీఏడీ ఒక్కటే చేయించి ‘నెగెటివ్’ అనుకోవద్దు. పసిపిల్లల్లో తరచుగా ఇన్సులిన్ యాంటీబాడీయే ముందు కనిపిస్తుంది.

2. ఒకటే పాజిటివ్ అయితే మళ్లీ చేయించండి. కొందరిలో అది తర్వాత కనిపించదు.

3. రెండు లేదా అంతకన్నా ఎక్కువ పాజిటివ్ వచ్చి, రెండో నమూనాలోనూ అలాగే ఉంటే, చక్కెర మామూలుగా ఉన్నా అది టైప్ 1 తొలి దశే. పిల్లల ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) పర్యవేక్షణ అవసరం.

4. అన్నీ నెగెటివ్ అయినా ఒక్కసారితో సరిపోదు. మళ్లీ ఎప్పుడో వయసును బట్టి డాక్టరు చెబుతారు.

‘తీపి మానిపిస్తే ఆగుతుందా’ అన్నారు. ఆగదు, పెద్దవాడికి వచ్చిందీ తీపి వల్ల కాదు. ఆ నింద మీ మీద వేసుకోకండి. పరిసర కారణాల్లో ఎంటెరోవైరస్‌ల (పేగుల్లో పెరిగే ఒక రకం వైరస్‌ల) మీద అనుమానం బలంగా ఉంది. ఇంట్లో మీరు ఆపగలిగినదేమీ కాదు.

అతిదాహం, పక్క తడపడం, బరువు తగ్గడం కనిపిస్తే యాంటీబాడీల కోసం ఆగకుండా ఆ రోజే రక్తంలో చక్కెర చూపించండి.