చెఫలూకి ఒక్క రోజు: చిట్టికి పెద్దమ్మ ఉత్తరం

చిట్టీ,

నీ మెసేజి, దాంతోపాటు పంపిన పట్టిక రెండూ చూశాను. అమ్మానాన్నలు సెప్టెంబరులో ఇటలీకి, సిసిలీ దీవిలో నీ దగ్గరికి పలెర్మో వస్తున్నందుకు సంతోషం. ఒక రోజు వాళ్ళని ఆ దీవిలోనే సముద్రం ఒడ్డున ఉన్న చెఫలూ తీసుకెళ్దామనుకోవడం ఇంకా మంచి ఆలోచన. కానీ ఆ పట్టికేంటే? ఏడున్నరకి బయల్దేరి రాత్రి తొమ్మిదిలోపు పదకొండు చోట్లా? ఒక్కో దానికి నలభై నిమిషాలా? తిరుపతి ప్యాకేజీ బస్సులో గైడు కూడా ఇంత తరమడు. అందులో ఏడు కొట్టెయ్. ఏవి కొట్టెయ్యాలో చెప్తాను.

మీ అన్నయ్య అక్కడ ఉద్యోగం చేసిన నాలుగేళ్ళలో నేను మూడుసార్లు వచ్చి నెలల తరబడి ఉన్నాను కదా. విశాఖలో ఉన్నప్పుడు ఊసుపోకపోతే భీమిలి వెళ్ళొచ్చినట్టు, పలెర్మోలో ఉన్నప్పుడు చెఫలూ వెళ్ళొచ్చేదాన్ని. మొదటిసారి మాత్రం నానా అవస్థా పడ్డాం. జులై నెల. ఇంట్లో తీరిగ్గా వంట ముగించుకుని, పదకొండు దాటాక రైలెక్కి, మిట్టమధ్యాహ్నం దిగాం. ఊరంతా తలుపులు వేసేసి ఉంది. మందుల షాపు మూత, బట్టల కొట్టు మూత, చర్చి మూత. కర్ఫ్యూ పెట్టారేమో అన్నారు మీ పెదనాన్న. ఖాళీగా ఉండటం ఎందుకని ఆ ఎండలో కొండెక్కడం మొదలుపెట్టాం. సగం దారిలో ఆయనకి కళ్ళు తిరిగాయి. కిందికి దిగి భోజనానికి వెళ్తే మూడైంది, వంటిల్లు కట్టేశామన్నారు. చిప్స్ పొట్లం తిని ఇల్లు చేరాం.

అందుకని నా సలహా ఇదీ: అక్కడ ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఏం చేస్తారో ముందు తేల్చుకో. పొద్దున, సాయంత్రం వాటంతటవే సర్దుకుంటాయి. మన పల్లెల్లో అన్నం తిన్నాక కునుకు తీసినట్టే వాళ్ళూ తీస్తారు. ఆ వేళకి చాలా కొట్లు, కొన్ని చర్చిలు మూసి, నాలుగింటికో ఇంకాస్త తర్వాతో మళ్ళీ తెరుస్తారు. హోటళ్ళలో మధ్యాహ్నం వంట రెండున్నరకల్లా ముగుస్తుంది, మళ్ళీ పొయ్యి వెలిగేది రాత్రి ఏడున్నరకే. సాయంత్రం అయిదింటికి ఆకలేస్తే దొరికేవి కాఫీ, ఐస్‌క్రీం, రొట్టెముక్కలు. మీ నాన్నకి షుగరు. కాబట్టి ఒంటిగంటకల్లా ఆయన కంచం ముందు కూర్చోవాలి. తక్కినవన్నీ దాని చుట్టూ పేర్చుకో.

ఇంక ప్రయాణం సంగతి. కారు మాట ఎత్తకు. నీ స్నేహితుడు అద్దెకు తీసుకుంటానన్నాడని రాశావు. పాత ఊళ్ళలోకి బయటి బండ్లు రాకుండా ‘జడ్.టి.ఎల్.’ అని బోర్డులు పెట్టి కెమెరాలు బిగిస్తారు. తెలియక దూరితే నెలల తర్వాత ఇంటికి జరిమానా కాగితం వస్తుంది. రైలు ఉండగా ఈ తద్దినం ఎందుకు? పలెర్మో చెంత్రాలె స్టేషన్ నుంచి మెస్సీనా వైపు వెళ్ళే ప్రాంతీయ రైళ్ళు చెఫలూలో ఆగుతాయి. గంట, ఒక్కోసారి ఇంకా తక్కువే. రిజర్వేషన్ ఉండదు, ముందు కొన్నా అప్పుడు కొన్నా ధర ఒకటే, మనిషికి పది యూరోల లోపే. ఎక్కేముందు మటుకు కాగితం టికెట్‌ని ప్లాట్‌ఫారం దగ్గర ఉండే మిషన్‌లో పెట్టి ముద్ర వేయించుకోవాలి. ఫోన్లో కొన్నదైతే చెక్-ఇన్ నొక్కాలి. నేనొకసారి మర్చిపోయి, టికెట్ చేతిలో పట్టుకునే జరిమానా కట్టాను. టికెట్ చూపిస్తూ తెలుగులో ఎంత వాదించినా ఆయన కరగలేదు.

వెళ్ళేటప్పుడు ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోండి, సముద్రం అటే. వచ్చేటప్పుడు కుడివైపు. ఆదివారాలు రైళ్ళు తక్కువ. ముందు రోజు రాత్రి ‘షోపెరో’ ఉందేమో చూసుకో. అంటే సమ్మె. అక్కడ సమ్మెలు చెప్పి మరీ చేస్తారు, అదొక మర్యాద.

ఎనిమిది ప్రాంతంలో రైలెక్కితే తొమ్మిదికల్లా దిగుతారు. స్టేషన్ నుంచి పాతూరికి మెల్లగా నడిచినా పావుగంట. కోర్సో రుజ్జేరో అని పెద్ద వీధి ఉంటుంది, అదే వెన్నెముక, దారి తప్పరు. ఆ వీధిలో రాళ్ళు వందల ఏళ్ళ అడుగులకి అరిగి అద్దంలా ఉంటాయి. మీ అమ్మని ఆ హవాయి చెప్పులతో రానివ్వకు. చీర కట్టుకున్నా సరే, కింద బూట్లు వేసుకోమను. నేను అలాగే తిరిగాను, ఎవరూ నవ్వలేదు. నవ్వినా మనకి అర్థం కాదు.

ఆ వీధిలోనే చౌకు, చౌకులో పెద్ద చర్చి. ముందు అక్కడికే వెళ్ళండి, ఎండ ముదరకముందే. తెరిచి ఉంచే వేళలు కాలాన్ని బట్టి మారుతుంటాయి, ముందు రోజు చూసుకో. 1131లో రెండో రుజ్జేరో అనే నార్మన్ రాజు మొదలుపెట్టాడు. తుఫానులో ఓడ చిక్కుకుంటే, ప్రాణాలతో ఒడ్డు చేరిన చోట గుడి కట్టిస్తానని మొక్కుకున్నాడని ఊళ్ళో వాళ్ళ కథ. కథ నిజమో కాదో గానీ, మొక్కు మాట వినగానే మీ అమ్మకి ఆ చర్చి మనదైపోతుంది, చూడు. లోపల ఎదురుగా పైన అర్ధచంద్రంలా వంగిన గోడ మీద, చిన్న చిన్న బిళ్ళలు అతికించి చేసే బంగారు మొజాయిక్‌లో క్రీస్తు బొమ్మ. 1148 నాటిది. కుడిచెయ్యి దీవిస్తూ, ఎడమచేతిలో తెరిచిన పుస్తకం. ఆ పుస్తకంలో ఒక పేజీ గ్రీకులో, ఒక పేజీ లాటిన్‌లో ఉంటుంది. రాజు కొలువులో గ్రీకు, లాటిన్, అరబ్బీ మూడూ నడిచేవట. పని చేసినవాళ్ళు బైజాంటైన్, అంటే తూర్పు రోమన్ సామ్రాజ్యపు పద్ధతి తెలిసిన చేతిపనివాళ్ళు. 2015లో యునెస్కో వాళ్ళు పలెర్మో కట్టడాలతో, మోన్రియాలె చర్చితో కలిపి దీన్నీ జాబితాలో చేర్చారు. మీ నాన్న జాబితాల మనిషి కదా, ఆ ముక్క ఆయనకి చెప్పు.

ఇంకో ముచ్చట. ఆ రాజు చనిపోయాక తనని చెఫలూలోనే పెట్టాలని రెండు ఊదారాతి శవపేటికలు చేయించుకున్నాడు. 1154లో పోతే పలెర్మోలోనే పూడ్చారు. తర్వాత 1215లో ఆయన మనవడు ఫ్రెడరిక్ ఆ రెండు పేటికలూ పలెర్మోకే తెప్పించేసుకున్నాడు. నీ కాలేజీ దారిలో ఉన్న కతీడ్రల్‌లో చూడొచ్చు. అమ్మానాన్నలకి ముందు రోజు అవి చూపించి, ఇవాళ ఇవి అసలు ఉండాల్సిన చోటికి వెళ్తున్నాం అని చెప్పు. రాజు మీద జాలిపడుతూ వెళ్తారు.

చర్చిలో ఒక గంట కూర్చోనీ. ఫొటోలు తీసి లాక్కురాకు.

అక్కడి నుంచి విత్తోరియో ఎమాన్యువేలె వీధిలోకి దిగితే పాతకాలపు బట్టలుతుకు రేవు వస్తుంది. ‘లవతోయో’ అంటారు. వంపు తిరిగిన నల్లరాతి మెట్లు దిగితే రాతి తొట్లు, గోడలో సింహం ముఖాల నుంచి ధారలు కట్టే నీళ్ళు. కొండ కింద నుంచి వచ్చే చెఫలీనో ఏరు అది. వెండి కంటే స్వచ్ఛం, మంచు కంటే చల్లన అని రాతి మీద చెక్కి ఉంటుంది. నా దృష్టిలో ఊరు మొత్తంలో ఇదే గొప్ప చోటు, దీనికి టికెట్టు లేదు. ఉతుకు బండకి వాలుగా చెక్కిన రాళ్ళు చూసి మీ అమ్మ, మన ఏటిగట్టు రేవులో చాకళ్ళు వాడే బండలు గుర్తొస్తున్నాయి అనకపోతే నన్నడుగు. మెట్లు తడిగా ఉంటాయి, చెయ్యి పట్టుకో.

పదకొండున్నర, పన్నెండు అవుతుంది. ఇప్పుడు ఆలోచన భోజనం మీద పెట్టండి. మీ అమ్మ అన్నీ తింటుంది. మరిదిగారితోనే తంటా, చేప కూడా ముట్టరు. ‘సెంత్సా కార్నె, సెంత్సా పేషె’ అని నేర్చుకో, మాంసం వద్దు, చేప వద్దు అని. అయినా వాళ్ళ లెక్కలో అచ్చూగె, అంటే ఉప్పులో ఊరిన చిన్న చేపలు, చేప కిందికి రావేమోనని నాకు అనుమానం. వాటి పేరు పెట్టి విడిగా వద్దని చెప్పాలి. కపొనాతా అడగండి. వేయించిన వంకాయ ముక్కల్లో టమాటా, సెలరీ, ఆలివ్‌లు, కేపర్లనే ఊరబెట్టిన మొగ్గలు, కాస్త వెనిగర్, కాస్త పంచదార. పుల్లగా తియ్యగా, చల్లగా పెడతారు. మన వంకాయ పులుసుపచ్చడికి పినతల్లి కూతురు. తర్వాత వంకాయ, టమాటా, పైన తురిమిన రికొత్తా అనే ఉప్పు చీజ్‌తో చేసే పాస్తా అల్లా నోర్మా. ‘పాస్తా ఆ తయాను’ అని ఈ ఊరికే పేరున్న మట్టికుండ వంటకం కనిపిస్తే వంకాయ చూసి మోసపోవద్దు, అందులో మాంసం ఉంటుంది. కన్నోలి అనే గొట్టం లాంటి మిఠాయి చూసి కూడా అంతే. పైన పెంకు చేసేటప్పుడు పంది కొవ్వు కలపడం పాతకాలపు పద్ధతి. ‘స్ట్రుట్టో’ ఉందా అని అడిగి తినాలి. ఈ విషయం మీ పెదనాన్నకి నేను ఆరో కన్నోలి తిన్నాక చెప్పాను.

బిల్లులో మనిషికి రెండు మూడు యూరోలు ‘కొపెర్తో’ అని పడుతుంది. కూర్చున్నందుకు, రొట్టె పెట్టినందుకు. మోసం కాదు, గొడవ పడకండి. మంచినీళ్ళు కూడా డబ్బిచ్చి కొనేదే.

డబ్బు ఆదా చేయాలంటే ఇంకో దారి ఉంది. రైలెక్కే ముందు పలెర్మో వీధిలో పనెల్లె కట్టించుకో. అచ్చంగా సెనగపిండి! నీళ్ళలో ఉడికించి, ఆరబెట్టి, పలచటి ముక్కలు కోసి నూనెలో వేయిస్తారు. బన్నులో పెట్టిస్తారు. మొదటిసారి తిన్నప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి, ఊరికే అనడం లేదు. లేకపోతే పొద్దున్నే పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకోండి, సముద్రం ఒడ్డున తినొచ్చు. చర్చి మెట్ల మీద మాత్రం డబ్బా విప్పకండి.

భోజనమయ్యాక ఆ మూడు గంటలూ ఇసుకలోనే. ఊరికి పడమరగా పెద్ద ఇసుక తీరం ఉంది. కొంత మేర గొడుగులు, పడక కుర్చీలు అద్దెకిచ్చే ‘లీదో’లు, కొంత మేర అందరిదీ. నడుం నొప్పి ఉన్నవాళ్ళకి అద్దె కుర్చీ దండగ కాదు, పెద్దవాళ్ళిద్దరికీ రెండు తీసుకో, నువ్వు తువ్వాలు పరుచుకో. నీళ్ళు చాలా దూరం దాకా లోతుండవు. సెప్టెంబరులో సముద్రం వెచ్చగానే ఉంటుంది. మన విశాఖ కెరటాలు ఎరిగిన మీ అమ్మ, ఇది సముద్రమా చెరువా అంటుంది. అయినా జెండా రంగు చూడాలి, ఎర్రదైతే దిగొద్దు. ఆమెని పంజాబీ డ్రెస్సులోనే దిగనియ్. నిద్ర వస్తే నిద్రపోనియ్, అందుకే కదా వెళ్ళింది.

నాలుగున్నరకి లేచి ముఖం కడుక్కుని మళ్ళీ పాతూళ్ళోకి రండి. అప్పుడు ఓపికను బట్టి ఒక్కటే. కొండ అయితే నువ్వొక్కదానివే వెళ్ళు. 270 మీటర్లు, అంతా మెట్లూ గులకరాళ్ళూ, టికెట్టు ఉంది, వానొస్తే మూసేస్తారు, సాయంత్రం గేటు వేసే వేళ కూడా ముందే కనుక్కోవాలి. సగం ఎత్తులో డయానా గుడి అని పెద్ద పెద్ద రాళ్ళతో కట్టిన పాత కట్టడం ఉంది, అక్కడిదాకా వెళ్ళి కిందికి చూస్తే చర్చి రెండు గోపురాలూ, ఎర్ర పెంకుటిళ్ళూ, సముద్రం. మీ అమ్మ మోకాళ్ళకి ఇది పనికిరాదు. వాళ్ళని చౌకులో గ్రనీతా, అంటే తియ్యటి మంచుపొడి, ముందు కూర్చోబెట్టి వెళ్ళిరా. బాదం గ్రనీతా చెప్పు, పాలు కలపరు. నాన్నకి సగమే.

కొండ వద్దనుకుంటే మండ్రలిస్కా మ్యూజియం. ఒక బారన్, మన జమీందారు లాంటివాడు, సొంతంగా పోగుచేసిన వస్తువులు. అందులో ఆంతొనెల్లో ద మెస్సీనా వేసిన ఒక మనిషి చిత్రం ఉంది. వాడి పెదవి చివర ఒక నవ్వు. మన బండారం అంతా తెలిసిన ఊరి కరణంలా చూస్తాడు. చిన్న చిత్రం, దాని ముందు పది నిమిషాలు నిలబడితే చాలు.

నీ పట్టికలో మిగతా ఏడూ మర్చిపో.

సూర్యాస్తమయానికి పోర్తా పెస్కారా అనే పాత ద్వారం దాటుకుని రేవు గట్టుకి వెళ్ళండి. సెప్టెంబరు మధ్యలో ఏడు దాటాక పొద్దు గుంకుతుంది. పాత ఇళ్ళ గోడలు నీళ్ళలోంచి లేచినట్టుంటాయి, వాటి మీద ఆ వెలుగు పడుతుంది. అక్కడ కూర్చున్నాక ఎవరూ లేవరు, అందుకే రైలు వేళ ఫోన్లో అలారం పెట్టుకో. ఆఖరి రైలు నమ్ముకోవద్దు, దాని ముందుది ఎక్కండి. స్టేషన్ దాకా నడవడానికి మీ అమ్మ అడుగులతో ఇరవై అయిదు నిమిషాలు లెక్క వేసుకో. రాత్రి భోజనం అక్కడ పెట్టుకోకు, పొద్దున్నే ఇంట్లో అన్నం వండి, పెరుగు ఫ్రిజ్‌లో పెట్టి వెళ్ళు.

బాత్రూం మాట మర్చిపోయాను. ఎక్కడైనా కాఫీ తాగిన చోటే అడగండి, అందుకోసం చిల్లర దగ్గరుంచుకో. నిలబడి తాగితే తక్కువ, కూర్చుంటే ఎక్కువ.

నా పూల గొడుగు, సముద్రానికి వాడే పెద్ద తువ్వాళ్ళు రెండూ మీ అన్నయ్య ఉన్న ఇంటి యజమానురాలి దగ్గరే ఉన్నాయి. మూడో అంతస్తు, కుక్క అరుస్తుంది గానీ కరవదు. వెళ్ళి తెచ్చుకో. ఆవిడకి ఒక సీసా ఆవకాయ ఇవ్వమని మీ అమ్మతో పంపిస్తున్నాను. రొట్టెకి రాసుకుని తింటుందావిడ.

పెద్దమ్మ