తాళం నాలుగుసార్లు తిప్పితేగానీ బండి కదలదు

ప్రశ్న: మాది కొత్తపట్నం. పదకొండేళ్ల ఎఫ్‌ఐ (కార్బురేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న) బండి. పొద్దున్నే సెల్ఫ్ బాగానే తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు. తాళం మూడు నాలుగుసార్లు ఆన్, ఆఫ్ చేస్తే స్టార్టవుతుంది. ఇంజెక్టర్ (ఇంజన్‌కు పెట్రోలు చిమ్మే ముక్క) మార్చమంటున్నారు. మార్చాలా?

జవాబు: ఇప్పుడే వద్దండి. తాళం ఆన్ చేసిన ప్రతిసారీ ట్యాంకులోని పెట్రోలు పంపు రెండు మూడు సెకన్లు తిరిగి పైపులో ప్రెషర్ నింపుతుంది. నాలుగోసారికి అందుకుంటోందంటే ఆ ప్రెషర్ నిలవడం లేదు, లేదా నెమ్మదిగా ఎక్కుతోంది. ప్రెషర్ కొలిచే గేజీ పెట్టించండి. చాలా బళ్లలో 3 బార్ దగ్గర ఉంటుంది. మీ బండి మాన్యువల్లో ఉన్న అంకే ప్రమాణం. పంపు ఆగగానే గేజీ ముల్లు జారిపోతే ముందు పంపులోని చెక్ వాల్వును (పెట్రోలు వెనక్కి పోకుండా ఆపేది) అనుమానించాలి. ప్లగ్గు నల్లబడి, పెట్రోలుతో తడిగా ఉంటే అప్పుడు ఇంజెక్టర్ సంగతి. ప్రెషర్ అసలు ఎక్కకపోతే ఫిల్టరు పూడుకుపోయిందో, పంపు నీరసించిందో.

పైపు ఊడదీసే ముందు పంపు కనెక్టర్ తీసేసి, ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడపాలి. లేకుంటే పెట్రోలు చిమ్ముతుంది. పంపు విప్పితే సీలు కొత్తది వేయాల్సిందే, పాతది సర్దేస్తామంటే ఒప్పుకోకండి.

మీది ఉప్పుగాలి ఊరు కదా, ఎర్త్ బోల్టుకూ (బ్యాటరీ నెగటివ్ తీగను బండికి బిగించేది) కనెక్టర్ పిన్నులకూ చిలుము పట్టిందేమో కూడా చూడండి. సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ 10 వోల్టుల కిందికి పడితే ముందు దాన్నే చార్జింగ్‌కు ఇవ్వండి. రిజర్వులోనే తిప్పే అలవాటుంటే మానుకోండి, పంపును చల్లబరిచేది ట్యాంకులో పెట్రోలే.