పెడల్ స్టీల్‌కి ఆంప్ సెట్ చేసుకోవడం గురించి మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

పెడల్ స్టీల్ (తీగల మీద లోహపు బార్ జరుపుతూ, పెడళ్ళతో స్వరం మార్చే గిటార్) ఇంట్లో వాయిస్తే బాగానే ఉంటోంది, బ్యాండ్‌తో కూర్చునేసరికి పై తీగలు చెవిలో గుచ్చుకుంటున్నాయి, కింది తీగలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి అని రాశావు. ట్రెబుల్ (పై స్వరాలు) తగ్గిస్తే అసలు వినపడటం లేదు, పెంచితే డ్రమ్మర్ వెనక్కి తిరిగి చూస్తున్నాడు అన్నావు. ట్రెబుల్‌ని కాసేపు వదిలెయ్. నువ్వు చెప్పిన లక్షణాలను బట్టి చిక్కు ఉన్నది మధ్య స్వరాల దగ్గర.

నువ్వు కొన్న ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే స్పీకర్ పెట్టె) పీవీ నాష్‌విల్ 112 కాబట్టి పని సులువు. ఆ ఆంప్‌ని స్టీల్ వాయించేవాళ్ళను దృష్టిలో పెట్టుకునే చేశారు. మధ్య స్వరాలను చూసుకునే మిడ్ నాబ్ పక్కన షిఫ్ట్ అని ఇంకొకటి ఉంటుంది చూడు. మిడ్ నాబ్ ఎంత పెంచాలో, ఎంత తగ్గించాలో చూసుకుంటుంది. ఏ స్వరాల దగ్గర పెంచాలి, తగ్గించాలి అన్నది షిఫ్ట్ చేతిలో ఉంటుంది. చాలామంది షిఫ్ట్‌ని 800 హెర్ట్జ్ దగ్గర పెట్టి, మిడ్‌ని బాగా ఎడమకి తిప్పేస్తారు. అది ఊరికే వచ్చిన అలవాటు కాదు. ఇ9 ట్యూనింగ్‌లో (నీ స్టీల్ తీగలకు శ్రుతి పెట్టే పద్ధతి) మూడో తీగ జి షార్ప్. 12వ ఫ్రెట్ దగ్గర బార్ పెట్టి మీటితే ఆ స్వరం దాదాపు 830 హెర్ట్జ్. మన వాద్యంలో పాట నడిచేది ఎక్కువగా ఆ చుట్టుపక్కలే. అక్కడ ఆంప్ కొంచెం ఎక్కువ పలికినా స్టీల్ ముక్కుతో పాడినట్టు ఉంటుంది.

అయితే ఎవరో 800 అన్నారని అక్కడే పెట్టి ఊరుకోకు. నీ పికప్ (తీగల కదలికను ఆంప్‌కి అందించే భాగం) వేరు, నీ స్పీకర్ వేరు. ఇలా చెయ్యి. లో (కింది స్వరాలు), హై (పై స్వరాలు) నాబ్‌లు రెండూ నడిమధ్యన ఉంచు, రివర్బ్ (ప్రతిధ్వని) పూర్తిగా తీసెయ్. మిడ్‌ని బాగా కుడికి, అంటే పెంచే వైపు తిప్పు. వినడానికి ఘోరంగా ఉంటుంది, ఫరవాలేదు. ఇప్పుడు 3, 4, 5 తీగల మీద ఒకే కార్డ్ మళ్ళీ మళ్ళీ మీటుతూ, షిఫ్ట్‌ని ఒక కొస నుంచి ఇంకో కొసకి మెల్లగా తిప్పు. ఒకచోటికి వచ్చేసరికి 'అబ్బా, ఇదే నన్ను వేధిస్తున్న శబ్దం' అని నీ చెవే చెబుతుంది. షిఫ్ట్‌ని అక్కడ ఆపి, మిడ్‌ని మధ్యకి తెచ్చి, అక్కడి నుంచి కొద్దికొద్దిగా ఎడమకి తగ్గించు. శబ్దం విచ్చుకున్నట్టు అనిపించగానే ఆపు. ఇంకా తగ్గిస్తే ఇంట్లో ఎంతో తియ్యగా ఉంటుంది గానీ, రెండు గిటార్లు, డ్రమ్స్ మధ్య నువ్వు ఉన్నావో లేవో తెలియదు. బ్యాండ్‌లో మనల్ని నిలబెట్టేది కూడా ఆ మధ్య స్వరాలే.

నీకు స్టీల్ వాద్యకారుడు రాల్ఫ్ మూనీ వాయింపు ఇష్టమని తెలుసు. ఆయన శబ్దంలో ఆ కరుకుదనమే అందం. అది కావాలంటే మిడ్‌ని అంతగా తగ్గించకు.

తర్వాత లో నాబ్ సంగతి. ఇ9 మెడ (తీగలు బిగించిన పలక) మీద పదో తీగ బి, దాదాపు 123 హెర్ట్జ్. అంతకంటే కిందికి మన తీగలు పోవు. అక్కడంతా బేస్ గిటార్ రాజ్యం, అతనితో పోటీ పడి లాభం లేదు. బ్యాండ్‌తో ఉన్నప్పుడు లో నాబ్‌ని నువ్వు అనుకున్నదానికంటే ఒక మెట్టు తగ్గించే ఉంచు. రేపు సి6 అనే ఇంకో ట్యూనింగ్ మెడ కూడా ఉన్న డబుల్ నెక్ (రెండు మెడల స్టీల్) కొంటే మాత్రం లెక్క మారుతుంది. దాని అట్టడుగు తీగ పెడల్ తొక్కకుండానే దాదాపు 65 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, దానికి విడిగా చూసుకోవాలి.

ఎవరిదైనా ఫెండర్ ట్విన్ రివర్బ్ మీద వాయించాల్సి వస్తే ఈ అంకెలు అక్కడికి మోసుకుపోకు. నీ పీవీలో నాబ్ మధ్యన ఉంటే పెంచడమూ లేదు, తగ్గించడమూ లేదు. ట్విన్ అలా కాదు. దాని సర్క్యూట్ మధ్య స్వరాలను తనంతట తానే తగ్గిస్తుంది. నువ్వు కూడా తగ్గిస్తే ఏమీ మిగలదు. అక్కడ మిడిల్ కాస్త పెంచుకుని, బ్రైట్ స్విచ్ (పై స్వరాలను పెంచేది) ఆపేసి మొదలుపెట్టు.

ఇప్పుడు నువ్వు అడగనిది ఒకటి చెబుతాను, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం. వాల్యూమ్ పెడల్ (పాదంతో శబ్దం పెంచే, తగ్గించే పెడల్) పూర్తిగా తొక్కి ఉంచి టోన్ సెట్ చెయ్యకు. మనం వాయించేటప్పుడు పెడల్ ఎప్పుడూ సగంలోంచి మొదలవ్వాలి. తీగ మీటినప్పుడు సగం, నాదం తగ్గుతున్న కొద్దీ పాదంతో మెల్లగా తొక్కుతూ దాన్ని నిలబెట్టాలి. స్టీల్ నాదం అంత పొడుగ్గా సాగడానికి సగం కారణం ఆ పాదమే. నీ పెడల్ మామూలు పాట్ (లోపల తిరిగే వాల్యూమ్ కంట్రోల్) ఉన్నదైతే, సగంలో ఉన్నప్పుడు పై స్వరాలు కొన్ని పోతాయి. పూర్తిగా తొక్కి ట్రెబుల్ సరిచూసుకుంటే, వాయించేటప్పుడు మొదట మొద్దుగా మొదలై, తొక్కే కొద్దీ పదునెక్కుతుంది. అందుకని పెడల్ సగంలో ఉంచి ఆంప్ వాల్యూమ్ పెట్టు, అక్కడే హై, ప్రెజెన్స్ (మరీ పై స్వరాల నాబ్) సరిచూసుకో. గిటార్ నుంచి పెడల్‌కి వెళ్ళే కేబుల్ ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. పొడుగు కేబుల్ కూడా పై స్వరాలను తినేస్తుంది.

కుడిచేతిని కూడా గమనించు. ఛేంజర్‌కి (కుడి కొసన తీగలు బిగించి ఉండే, పెడల్‌తో కదిలే భాగం) దగ్గరగా మీటితే శబ్దం సన్నగా, పదునుగా వస్తుంది. రెండు అంగుళాలు ఎడమకి జరిగితే నిండుగా వస్తుంది. టెన్షన్ పడితే చెయ్యి తెలియకుండానే ఛేంజర్ వైపు జారుతుంది. ఆ తేడా హై నాబ్ తిప్పితే వచ్చే తేడా కంటే పెద్దది. గొప్ప స్టీల్ వాద్యకారుడు బడ్డీ ఎమన్స్ ఏ ఆంప్ ముందు కూర్చున్నా బడ్డీ ఎమన్స్ లాగే వినిపించేవాడంటే ఆ చేతుల మహిమే.

ఇంట్లో బాగుండి బయట చెడటానికి ఇంకో కారణం ఉంది. తక్కువ శబ్దంలో మన చెవికి అడుగు స్వరాలు, మరీ పై స్వరాలు సరిగా ఆనవు. 1933లోనే బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ దీన్ని కొలిచి చూపించారు. పడగ్గదిలో చిన్నగా పెట్టుకుని లో, హై పెంచుకుంటావు. అదే సెట్టింగ్ హాల్లో గట్టిగా పెడితే రెండూ మీద పడతాయి. దానికి తోడు ఆంప్ నేల మీద, గోడ మూలన ఉంటే లో ఇంకా ఊరుతుంది. కాస్త ఎత్తు మీద, గోడకి ఎడంగా పెట్టు.

ఇంకో పని కూడా చెయ్యి. నీ దగ్గర లూపర్ (వాయించింది రికార్డు చేసి తిరిగి తిరిగి వినిపించే పరికరం) ఉందన్నావు కదా, దాన్ని వాల్యూమ్ పెడల్‌కి, ఆంప్‌కి మధ్య కలుపు. పాటలోంచి నాలుగు బార్లు (తాళం చుట్లు) నిజంగా వాయించినట్టే వాయించి తిరగనియ్యి. తర్వాత లేచి వెళ్ళి, జనం కూర్చునే చోట నిలబడి విను. పై స్వరాలు స్పీకర్ నుంచి సూటిగా వెళతాయి. కుర్చీలో కూర్చున్న నీకు తక్కువగా వినపడి నువ్వు పెంచినదంతా ఎదురుగా ఉన్నవాళ్ళ మొహాన కొడుతుంది. అక్కడ విని వచ్చి తిప్పు, మళ్ళీ వెళ్ళి విను. మధ్యలో కాసేపు చెవులకి విశ్రాంతి ఇవ్వు, లేకపోతే ఎంత ట్రెబుల్ ఉన్నా మామూలుగానే అనిపిస్తుంది.

రివర్బ్ ఇవన్నీ అయ్యాకే. డ్యాన్స్ హాల్లో గోడలే సగం రివర్బ్ ఇస్తాయి కాబట్టి కొంచెం చాలు.

సెట్టింగ్ కుదిరాక నాబ్‌ల ఫోటో తీసుకో. శనివారం రిహార్సల్‌లో ఒక పాట రికార్డు చేసి పంపు, ఫోన్‌ని ఆంప్ దగ్గర కాకుండా గదికి అవతలి వైపు పెట్టు. విని, ఏం మార్చాలో మళ్ళీ రాస్తాను. అత్తయ్య నిన్ను, అమ్మను అడిగినట్టు చెప్పమంది.

మీ మామయ్య