పంపించేసిన కెప్టెన్ గురించి

మూలాపేట, నెల్లూరు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన మూడు అధ్యాయాలూ అందాయి. మొదటిసారి మామూలు పాఠకుడిలా చదివాను. రెండోసారి ఎర్ర పెన్ను పట్టుకున్నాను. ముప్పై ఏళ్ళు పత్రికలో ఆటల పేజీ దిద్దినవాడికి ఆ జబ్బు పోదు. మూడోసారి ఒక తెల్ల కాగితం తీసుకుని, నువ్వు రాసిన తేదీలూ స్కోర్లూ వరసగా వేసుకుంటూ చదివాను. అప్పుడు ఒక సంగతి బయటపడింది. ఈ ఉత్తరం దాని కోసమే.

అంతకంటే ముందు నీ సందేహం. "కంప్యూటర్ ఆట గురించి రాస్తే అది రచన అవుతుందా మాస్టారూ?" అని అడిగావు. అవుతుంది. ఆ ప్రశ్నను ఇక్కడితో వదిలెయ్యి. ఒక క్లబ్బుకు మేనేజర్‌గా ఉండి జట్టును నడిపించే, ఇప్పుడు నువ్వు ఫుట్‌బాల్ మేనేజర్ అంటున్న ఈ ఆట నా చేతికి వచ్చినప్పుడు దాని పేరు చాంపియన్‌షిప్ మేనేజర్. మైదానం లేదు, బొమ్మలు లేవు. మ్యాచ్ అంతా తెర మీద ఒక్కో వాక్యంగా వచ్చేది. బంతి క్రాస్‌బార్‌కు తగిలిందని ఒక వాక్యం వచ్చి, తర్వాతి వాక్యం రావడానికి ఒక్క క్షణం పట్టేది. ఆ క్షణంలో నేను ఊపిరి తీసుకునేవాణ్ణి కాదు. వాక్యం తర్వాత ఎక్కడ ఆగాలో నాకు నేర్పింది ఏ గురువూ కాదు, ఆ ఆటే. 2003లో మైదానం మీద అంకెలు వేసిన చుక్కలు పరుగెత్తడం మొదలైంది. ఇప్పుడు వాటికి కాళ్ళూ చేతులూ వచ్చాయని ఎంత చెప్పినా, మా ఇంట్లో "ఇంకా ఆ చుక్కల ఆటేనా" అనే అంటారు.

సరే, అసలు సంగతికి వస్తాను. నీ మూడో అధ్యాయంలో ఒక వాక్యం ఉంది: "జనవరిలో పాత కెప్టెన్‌ను పంపించేసి, కుర్ర సెంటర్ బ్యాక్‌ను తెచ్చుకున్నాను." గోల్ ముందు మధ్యలో కాపు కాసే ఆ కుర్రవాడికి తర్వాత రెండు పేజీలు ఇచ్చావు. అతని వేగం, ఎత్తు, అతన్ని ఏ పెద్ద క్లబ్బు అకాడమీ వదిలేసింది, కొత్త ఆటగాళ్ళను వెతికిపెట్టే మీ స్కౌట్ ఏమన్నాడు, అన్నీ ఉన్నాయి. కెప్టెన్‌కు దక్కింది "పంపించేసి". అది కనీసం పూర్తి క్రియ కూడా కాదు నాయనా, అసమాపక క్రియ! పదకొండేళ్ళు ఒకే చొక్కా వేసుకున్న మనిషిని, వాక్యం మధ్యలో, ఇంకొకరి రాకకు తలుపు తీసే పనిమీద పెట్టావు.

పది పేజీల తర్వాత ఇలా రాశావు: "ఫిబ్రవరిలో అదృష్టం కలిసిరాలేదు. ఐదు మ్యాచ్‌ల్లో ఒకే పాయింటు." నా తెల్ల కాగితం మీద ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పడ్డాయి. వెనక్కి వెళ్ళి చూశాను. మొదటి అధ్యాయంలో జట్టు పెద్దల జాబితాలో అందరికంటే పైన ఉన్నది ఈ కెప్టెనే అని నువ్వే రాశావు. అతని నాయకత్వానికి 20కి 17. గోల్‌కీపరూ, ఎడమ వైపు డిఫెండరూ అతని బృందంలో వాళ్ళు. మూడో అధ్యాయంలో "గోల్‌కీపర్ ఎందుకో ముఖం మాడ్చుకుని తిరుగుతున్నాడు" అన్నావు. ఎందుకో! అతని స్నేహితుణ్ణి నువ్వు వెళ్ళగొట్టావు కాబట్టి. ఆ ఐదు మ్యాచ్‌ల్లో పడిన గోల్స్‌లో సగానికి సగం ఎడమ వైపు నుంచి వచ్చాయని కూడా నువ్వే లెక్క రాసిపెట్టావు. సాక్ష్యమంతా నీ చేత్తోనే పేర్చి, చివర అదృష్టం మీదకు నెట్టేశావు.

అలాగని కెప్టెన్‌ను పంపడం తప్పనడం లేదు. ముప్పై నాలుగేళ్ళు వచ్చాయి, వేగం 5కు పడిపోయింది, వారానికి జీతం జట్టులో అందరికంటే ఎక్కువ. నీది ఇంగ్లండ్ లీగుల నిచ్చెనలో ఆరో మెట్టు క్లబ్బు. నీ నెత్తిన ప్రీమియర్ లీగ్‌లో 20, దాని కింద నాలుగు మెట్లలో 24 చొప్పున, మొత్తం 116 క్లబ్బులున్నాయి. (ఈ లెక్క నీ రచనలో ఎక్కడా లేదు. కావలిలో చదివేవాడికి ఆ నిచ్చెన ఎంత పొడుగో తెలియకపోతే, నువ్వు ఒక మెట్టు ఎక్కావంటే వాడికేం అనిపిస్తుంది?) అంత కింద ఉన్నప్పుడు ఒక్క మనిషి జీతం మిగిలితే ఇద్దరు కుర్రవాళ్ళు వస్తారు. పైగా ఏప్రిల్‌లో నిన్ను, పై మెట్టుకు ఎవరు ఎక్కాలో తేల్చే ప్లేఆఫ్ దాకా మోసింది ఆ కుర్ర సెంటర్ బ్యాకే. నిర్ణయం సరైనదే, దానికి ఫిబ్రవరి అంతా మూల్యం కట్టావు. ఈ రెండూ ఒకేసారి నిజం కావడంలోనే నీ కథ ఉంది. నువ్వేమో అందులోంచి సరైనదొక్కటే ఏరి రాశావు.

అధ్యాయాలతో పాటు ఒక చిన్న ఉత్తరం పెట్టావు కదా, అది ఈ మూడింటికంటే బాగుంది. తుమ్మలపెంట వైపు మీ రొయ్యల చెరువు దగ్గర రాత్రి కాపలా ఉంటావనీ, నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతుంటే షెడ్డులో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆడతావనీ, నడుమ నడుమ లేచి, రొయ్యలు ఎలా ఉన్నాయో చూడటానికి నీళ్ళలో దించిన చెక్ ట్రే పైకి లాగి చూసి వస్తావనీ రాశావు. పోయిన వేసవిలో ఒక రాత్రి ట్రేలో నాలుగు చచ్చిన రొయ్యలు కనిపించాయట. మీ నాన్నను ఫోను చేసి పిలిచావు. ఆయన వచ్చి గట్టు మీద కూర్చున్నారు. వెంటనే చెరువు పట్టేస్తే వంద కౌంట్, అంటే కిలోకు వంద రొయ్యలు, ధర రాదు. ఇంకో ఇరవై రోజులు ఆగితే అరవైకి వస్తుంది, కానీ అది వైరస్ అయితే ఇరవై రోజుల తర్వాత పట్టడానికేమీ మిగలదు. తెల్లవారేసరికి ఆయన పట్టించేశారు. పక్క చెరువు వాళ్ళు ఆగారు, వాళ్ళకు ఏమీ కాలేదు, మంచి ధరకు అమ్ముకున్నారు.

మీ నాన్న చేసింది తప్పా? ఆ ఉత్తరంలో నువ్వు ఆ మాట అనలేదు. ఆయన గట్టు మీద ఎంతసేపు కూర్చున్నారో రాశావు, మూడు బీడీలు కాల్చారని రాశావు, ట్రేలో నాలుగే ఉన్నాయని రాశావు. పక్క చెరువు సంగతి చివర చెప్పావు, ఎందుకంటే ఆ రాత్రి ఆయనకు అది తెలియదు. అచ్చంగా అలాగే జనవరి నెల రాయి. కెప్టెన్ ఒప్పందం రద్దు చేసే పేజీ తెరిచి ఎంతసేపు చూశావు? నీకు అప్పుడు తెలిసిందేమిటి? ఫిబ్రవరిలో ఏం జరిగిందో, ఏప్రిల్‌లో ఏం జరిగిందో ఆ పేరాలోకి రానివ్వకు. నువ్వు మూడో అధ్యాయాన్ని సీజన్ అయిపోయాక రాశావని ప్రతి వాక్యమూ చెప్పేస్తోంది. ఆ కుర్రవాడు బస్సు దిగకముందే వాడు గెలిపిస్తాడని నీకు తెలుసు. అందుకే చదివేవాడికి భయం వేయదు.

ఇక మార్కుల సంగతి. ప్రతి గుణానికీ 1 నుంచి 20 దాకా అంకె ఇచ్చే ఆటలో, అంకెలు రాయవద్దని చెప్పను. కానీ నీ పేజీల్లో ఆటగాళ్ళు పరీక్ష ఫలితాల కాగితంలా ఉన్నారు. మా తాతగారి ఊరు ఒంగోలు దగ్గర. అక్కడ బండలాగుడు పోటీల్లో గిత్తలకు పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని వయసు విభాగాలుంటాయి, ఆపైన సీనియర్లు. వాటికీ లీగు మెట్లున్నాయన్నమాట. తాత కొనబోయే గిత్త నోరు తెరిచి పళ్ళు చూసేవాడు. అది అంకె. తర్వాత చంకలో గొడుగు తీసి దాని ముఖం ముందు టక్కున తెరిచేవాడు. ఇంటికి వచ్చి నాయనమ్మకు చెప్పేది గొడుగు కథే, పళ్ళ లెక్క ఎన్నడూ చెప్పగా వినలేదు. నీ కుర్ర సెంటర్ బ్యాక్ ముందు గొడుగు ఎప్పుడు తెరుచుకుంది? పెద్ద మ్యాచ్‌లో ఎలా నిలబడతాడు, నిలకడగా ఆడతాడా లేదా అన్నవి ఈ ఆట కూడా మనకు చూపించకుండా దాచిపెడుతుంది. వాటిని మ్యాచ్‌లోనే చూడాలి. చూసినప్పుడు రాయి.

(గిత్తల మాట వచ్చింది కాబట్టి: బ్రెజిల్ వెళ్ళిన మన ఒంగోలు పశువులను అక్కడ నెలోర్ అంటారు. ఒకప్పుడు ఒంగోలు మన నెల్లూరు జిల్లాలో ఉండేది, ఆ పేరే వాటితో ఓడెక్కింది. ఫుట్‌బాల్‌కు మీ జిల్లా ఏమిచ్చిందని ఎవరైనా ఎగతాళి చేస్తే, పెలే పుట్టిన దేశానికి పశువులిచ్చిందని చెప్పు.)

ఓడిపోయాక, ముందే దాచిపెట్టుకున్న పాత సేవ్‌కు వెనక్కి వెళ్ళి మళ్ళీ ఆడావా అని నిన్ను అడగను. నేను చేసిన పని చెబుతాను. ఒకసారి ముప్పై ఆరేళ్ళ గోల్‌కీపర్‌ను వదిలేశాను. అతను అదే లీగ్‌లో ఇంకో క్లబ్బుకు వెళ్ళాడు. సీజన్ చివరి రోజు మా జట్టు పైకి వెళ్ళాలంటే గెలవాలి. ఎదుట గోల్‌లో అతనే. 88వ నిమిషంలో మాకు పెనాల్టీ దొరికింది, ఆపేశాడు. నేను కంప్యూటర్ ఆపి, మళ్ళీ తెరిచి, పొద్దుటి సేవ్ నుంచి ఆడాను. డ్రా అయింది. మూడోసారి గెలిచాను. మా ఆవిడ కాఫీ తెచ్చి, "గెలిచారా?" అంటే "గెలిచాం" అన్నాను. మర్నాడు ఆ సీజన్ గురించి రాయబోతే, ఏ మధ్యాహ్నం గురించి రాయాలో తేలలేదు. గెలిచిన దాంట్లో చెప్పడానికేమీ లేదు. చెప్పవలసినదంతా నేను తుడిచేసిన మ్యాచ్‌లో ఉంది. దాన్ని జరిగినట్టుగా రాయడానికి చెయ్యి రాలేదు. ఆ క్లబ్బు గురించి ఈ రోజుకీ ఒక్క పేజీ లేదు నా దగ్గర.

నిజం ఫుట్‌బాల్‌లో కిందపడి లేచిన జట్లను చదవమని సలహా ఇస్తే నువ్వు లీస్టర్ సిటీ అంటావు. అది అందరూ రాసేశారు. ఐదో మెట్టు నుంచి నాలుగో మెట్టుకు ఎక్కడానికి ఆడిన 2011 ప్లేఆఫ్ ఫైనల్ చూడు. ఒక వైపు ఏఎఫ్‌సీ వింబుల్డన్: పాత క్లబ్బును మిల్టన్ కీన్స్‌కు తరలించడానికి 2002లో అనుమతి వస్తే, అభిమానులే కొత్త జట్టు పెట్టుకున్నారు, వింబుల్డన్ కామన్ అనే ఖాళీ మైదానంలో, రాగలిగినవాళ్ళంతా రండని ఎంపికలు జరిపారు, తొమ్మిదేళ్ళలో ఐదు మెట్లెక్కారు. రెండో వైపు లూటన్ టౌన్: శిక్షగా 2008-09 సీజన్‌ను మైనస్ 30 పాయింట్లతో మొదలుపెట్టించారు వాళ్ళ చేత. అందరూ సున్నా నుంచి బయలుదేరితే వీళ్ళు సున్నా చేరడానికే ఎన్నో వారాలు ఆడారు, చివరకు ఐదో మెట్టుకు జారిపోయారు. మాంచెస్టర్‌లో జరిగిన ఆ ఫైనల్ 0-0. పెనాల్టీల్లో వింబుల్డన్ 4-3తో పైకి వెళ్ళింది. లోకమంతా వింబుల్డన్ కథ రాసింది, రాయవలసిందే. నేనైతే ఆ రాత్రి లూటన్‌కు తిరిగి వెళ్ళే బస్సులో కూర్చుని రాస్తాను. వాళ్ళు పైకి రావడానికి ఇంకో మూడేళ్ళు పట్టింది. 2023లో ప్రీమియర్ లీగ్‌కు చేరారు, అదీ మళ్ళీ పెనాల్టీల్లోనే. బస్సులో ఉన్నవాళ్ళకు అందులో ఒక్క ముక్కా తెలియదు.

భాష గురించి రెండు మాటలు. ఎదురుదాడి, అరువు ఆటగాడు, జీతాల బడ్జెట్ అని రాశావు, బాగున్నాయి. గోల్‌కీపర్‌ను గోల్‌కీపర్ అనే అను. డెస్కులో చేరిన కొత్తలో నేను కార్నర్ కిక్‌ను "మూలతన్ను" అని రాశాను. మా ఇన్‌ఛార్జి ఆ కాపీని అందరికీ వినిపించేలా చదివి, ఆ వారమంతా నన్ను ఆ పేరుతోనే పిలిచాడు. అతని నవ్వు నాకు నచ్చలేదు కానీ నవ్వినది సబబే. ఇంకొకటి, "చెలరేగిన స్ట్రైకర్", "పోరాడి ఓడిన జట్టు" లాంటివి ఆటల పేజీ వాళ్ళకు వదిలెయ్యి. రాత్రి పదకొండింటికి పేజీ పంపాల్సిన తొందరలో మేము కనిపెట్టినవి అవి. నీకు తొందర లేదు.

మూడో అధ్యాయం తిరగరాసి పంపు. మిగతా రెండూ ఇప్పుడు ముట్టుకోకు, ఇది కుదిరితే వాటిని ఎక్కడ దిద్దాలో నీకే తెలుస్తుంది.

రాసే ముందు ఒక పని చెయ్యి. ఆటలో వెతికే చోట ఆ కెప్టెన్ పేరు కొట్టి చూడు. పంపించాక ఒక్కసారి కూడా చూసి ఉండవు. వేరే క్లబ్బులో ఆడుతున్నాడో, రిటైరయ్యాడో. ఈ ఆటలో బూట్లు విప్పినవాళ్ళు చాలామంది కోచ్‌లుగా పని వెతుక్కుంటూ ఉంటారు. అతను అలా ఖాళీగా ఉంటే, నీ క్లబ్బులో కుర్రవాళ్ళకు కోచ్ లేడని రెండో అధ్యాయంలో నువ్వే రాశావు.

ఆశీస్సులతో,
నీ మాస్టారు