జియోఫిజిక్స్ చదివితే ఉద్యోగాలుంటాయా? కూకట్‌పల్లి నాన్నగారికి జవాబు

కూకట్‌పల్లి నుంచి ఒక నాన్నగారు రాశారు. వాళ్ళ పాప ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, చంద్రయాన్-3 దిగిన రోజు నుంచి స్పేస్ తప్ప ఇంకో మాట లేదంట, ఈ మధ్య జియోఫిజిక్స్, అంటే భూమి, గ్రహాల లోపలి సంగతులు ఫిజిక్స్‌తో తెలుసుకునే సబ్జెక్టు, చదువుతా అంటోందంట, చుట్టాలంతా సీఎస్ఈ అంటున్నారు, మధ్యలో ఒక ప్రైవేట్ కాలేజీ వాళ్ళు మేనేజ్‌మెంట్ కోటాలో ఏరోస్పేస్ సీటుంది ఈ వారంలోనే అడ్వాన్స్ కట్టండి అంటున్నారు, ఏం చెయ్యమంటారు అని.

సార్, ముందు ఆ అడ్వాన్స్ కట్టకండి. ఏరోస్పేస్ చెడ్డ బ్రాంచ్ అని కాదు, మీ పాప అడుగుతున్నది అది కాకపోవచ్చు. 2023 ఆగస్టు 23న ల్యాండర్ దిగాక ప్రజ్ఞాన్ రోవర్ ఓ వంద మీటర్లు తిరిగి 23 చోట్ల మట్టిని పరీక్ష చేసింది కదా, ఆ రీడింగులు పట్టుకుని కూర్చుని అహ్మదాబాద్‌లోని పీఆర్‌ఎల్ అనే పరిశోధన సంస్థ వాళ్ళు 2024లో రీసెర్చ్ పేపర్ వేశారు, చంద్రుడు పుట్టిన కొత్తలో పైనంతా కరిగిన రాయే సముద్రంలా ఉండేదన్న ఊహకి అక్కడి మట్టి కూడా సరిపోతోందని. రాకెట్, ల్యాండర్ కట్టింది ఇంజనీర్లు. ఆ మట్టిని చదవడానికి కావాల్సింది ఫిజిక్స్, కెమిస్ట్రీ, జియాలజీ. ఈ రెండిట్లో నీకేది కావాలమ్మా అని పాపని కూర్చోబెట్టి అడగండి. మొదటిదే అంటే ఏరోస్పేస్ అనే పేరు కోసం డబ్బు పోయక్కర్లేదు, మంచి కాలేజీలో మెకానికల్, ఈసీఈ, సీఎస్ఈ ఏది చేసినా ఇస్రో ఉద్యోగానికి అప్లై చెయ్యొచ్చు, మన ఊళ్ళోనే స్కైరూట్, ధ్రువ స్పేస్ లాంటి కంపెనీలూ ఉన్నాయి.

రెండోది అంటే మాత్రం, హైదరాబాద్‌లో ఉండటం మీ అదృష్టం, నిజంగా అంటున్నా. ఉప్పల్ దగ్గర భూకంపాలు, భూమి లోపలి సంగతులు పరిశోధించే ఎన్‌జీఆర్‌ఐ, బాలానగర్‌లో శాటిలైట్ ఫొటోలు చూసే ఇస్రో సెంటర్ ఎన్‌ఆర్‌ఎస్‌సీ, మీకు దగ్గర్లోనే ప్రగతి నగర్ వైపు సునామీ హెచ్చరికలిచ్చే ఇన్‌కాయిస్, బండ్లగూడలో దేశంలో రాళ్ళు, ఖనిజాలు సర్వే చేసే జీఎస్‌ఐ, బేగంపేటలో యురేనియం లాంటి ఖనిజాలు వెతికే ఏఎండీ, ఇన్ని ఒకే ఊళ్ళో ఉండటం చాలా అరుదు.

అక్కడ పనెలా ఉంటుందో ఒకటి చెప్తా. 2024 డిసెంబర్ 4 పొద్దున ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది, మనకీ ఊగింది, మీకు గుర్తుండే ఉంటుంది. భూకంపం వస్తే రెండు రకాల అలలు బయల్దేరతాయి, పీ అల ముందొస్తుంది, ఎస్ అల వెనకొస్తుంది, ఆ రెండిటికీ మధ్య గ్యాప్ సెకనుకి సుమారు 8 కిలోమీటర్ల చొప్పున లెక్కేస్తే ఎంత దూరంలో వచ్చిందో తేలుతుంది. మనకి ములుగు రెండొందల కిలోమీటర్లు అనుకుంటే గ్యాప్ పాతిక సెకన్లు. ఇలా మూడు స్టేషన్ల నుంచి దూరాలు తీస్తే మూడు సర్కిళ్ళు ఒక చోట కలుస్తాయి, అదే చోటు. ఇంటర్ ఫిజిక్స్‌తోనే అర్థమయ్యే లెక్క ఇది. పాపకి చెప్పి చూడండి, వెంటనే పేపర్ తీసుకుని తనే వేసిందనుకోండి, మీ సందేహం సగం తీరినట్టే.

ఇప్పుడు ఈ ఫీల్డ్‌లో పని కూడా బాగా పెరిగింది. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్ళిన నైసార్, నాసా ఇస్రో కలిసి చేసిన రాడార్ శాటిలైట్, 12 రోజులకోసారి భూమినంతా చూస్తుంది, నేల సెంటీమీటర్లలో కుంగినా జరిగినా పట్టేస్తుంది. ఆ డేటా అర్థం చేసుకునే మనుషులు కావాలి. బ్యాటరీలకి లిథియం, రేర్ ఎర్త్ ఖనిజాల వేట ఇంకో పక్క, గ్రౌండ్ వాటర్ ఇంకో పక్క.

దారి విషయానికొస్తే, జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో ర్యాంకొస్తే తిరువనంతపురంలో స్పేస్ చదువుల కాలేజీ ఐఐఎస్‌టీ, లేదా ధన్‌బాద్, ఖరగ్‌పూర్, రూర్కీ ఐఐటీల్లో జియాలజీ, జియోఫిజిక్స్ కోర్సులు. సైన్స్ చదువుల కోసమే ఉన్న కేంద్ర సంస్థలు ఐసర్‌లకి వేరే పరీక్ష, ఐఏటీ అంటారు, చాలామంది తల్లిదండ్రులకి దాని పేరే తెలీదు, ఐసర్ తిరుపతి మనకి దగ్గరే. ఇవేవీ రాకపోయినా కొంపేం మునగదు, తెలంగాణ డిగ్రీ అడ్మిషన్ల సైట్ దోస్త్ ద్వారా మ్యాథ్స్, ఫిజిక్స్ ఉన్న బీఎస్సీలో చేరి, జియాలజీ కూడా కలిసొస్తే ఇంకా మంచిది, తర్వాత ఐఐటీల్లో ఎమ్మెస్సీకి పెట్టే జామ్ పరీక్ష రాసి గానీ, ఉస్మానియా, హెచ్‌సీయూ, ఆంధ్రా యూనివర్సిటీల్లో గానీ ఎమ్మెస్సీ చెయ్యొచ్చు. మ్యాథ్స్ మాత్రం వదలనివ్వకండి. పైథాన్ కూడా నేర్చుకోమనండి, ఇప్పుడు అది లేకుండా ఈ పని లేదు.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఇందులో డిగ్రీతో ఆగితే పెద్దగా ఏమీ ఉండదు, ఎమ్మెస్సీ తప్పనిసరి, అంటే కనీసం అయిదేళ్ళు. అప్పుడు యూపీఎస్సీ జియో-సైంటిస్ట్ పరీక్ష రాస్తే జీఎస్‌ఐలో, సెంట్రల్ గ్రౌండ్ వాటర్ బోర్డులో ఆఫీసర్ పోస్టులు. రీసెర్చ్ వైపైతే సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ అనే ఫెలోషిప్ తెచ్చుకుంటే పీహెచ్‌డీ మొదట్లో నెలకి 37,000, హెచ్‌ఆర్‌ఏ వేరే. అప్పటికి సీఎస్ఈ చేసిన పెదనాన్న కొడుకు కారు కొనుక్కుని ఉంటాడు, మీ ఇంట్లో ఆ పోలిక రోజూ వస్తుంది, ఆ నాలుగైదేళ్ళు మీరు పాప పక్కన నిలబడగలరా అన్నది ముందే తేల్చుకోండి.

ఆడపిల్ల కదా, కొండలూ అడవులూ ఎలా తిరుగుతుంది అని కూడా అడిగారు. ఫీల్డ్‌కి ఒంటరిగా పంపరండీ, టీమ్‌గా వెళ్తారు, జియాలజీలో అమ్మాయిలు చాలామందే పని చేస్తున్నారు, ఆ భయంతో మాత్రం ఆపొద్దు.

ఇప్పటికి చెయ్యాల్సింది, ఇంటర్ మార్కులు తగ్గకుండా చూసుకోవడం, ఐఏటీ నోటిఫికేషన్ మిస్సవ్వకుండా ఉండటం. సెలవుల్లో ఎన్‌ఆర్‌ఎస్‌సీ వాళ్ళ భువన్ అనే మ్యాపుల సైట్ తెరిచి మీ ఏరియా చెరువులు చూడమనండి, ఫ్రీనే. సెప్టెంబర్ 26 ఎన్‌జీఆర్‌ఐ లాంటి ల్యాబ్‌లు నడిపే సీఎస్‌ఐఆర్ ఫౌండేషన్ డే, ఆ టైంలో ల్యాబ్‌లు మామూలుగా స్టూడెంట్స్‌ని లోపలికి రానిస్తాయి, ఎన్‌జీఆర్‌ఐకి ఫోన్ చేసి కనుక్కుని పాపతో పాటు మీరూ వెళ్ళండి. జేఈఈ మెయిన్ పర్సెంటైల్ వచ్చాక నాకు రాయండి, ఏ కాలేజీకి ఛాన్స్ ఉందో అప్పుడు చూద్దాం.